నీ దేవుని యెదుట

ప్రియమైన సహోదరీ సహోదరులారా,

దీనమనస్సును గురించి మాట్లాడడానికి ఒప్పుకున్న మనిషి ఆ ఒప్పుకోవడంతోనే చిక్కులో పడతాడు. తనకు ఆ గుణం ఉందనుకుని మాట్లాడితే అది లేదని వినేవారికి ఇట్టే తెలిసిపోతుంది. లేదని ఒప్పుకుని మాట్లాడితే, మరి ఈ వేదిక మీద నీకేం పని అని వారు అడగవచ్చు. అందుచేత నా మాటలను ఈ పాఠం ఎప్పుడో పూర్తి చేసినవాని ఉపదేశంగా కాక, ఇంకా వల్లె వేస్తున్న తోటి విద్యార్థి మాటలుగా వినవలసిందిగా మనవి చేస్తున్నాను.

మన ధ్యానానికి ఆధారం మీకా గ్రంథం 6వ అధ్యాయం 8వ వచనం. “న్యాయముగా నడుచుకొనుటయు, కనికరమును ప్రేమించుటయు, దీనమనస్సు కలిగి నీ దేవుని యెదుట ప్రవర్తించుటయు ఇంతేగదా యెహోవా నిన్నడుగుచున్నాడు.” ఈ వచనాన్ని మనలో చాలామందిమి చిన్ననాటనే కంఠస్థం చేశాం. కంఠస్థమైన వాక్యంతో ఒక ఇబ్బంది ఉంది: నాలుక దాన్ని ఎంత వేగంగా దాటిపోతుందో మనసూ అంతే వేగంగా దాటిపోతుంది. కనుక ఒక్క మాట దగ్గర ఆగుదాం. మన తెలుగు బైబిలులో “నీ దేవుని యెదుట ప్రవర్తించుట” అని ఉన్న చోట హెబ్రీ మూలంలో “నీ దేవునితో నడుచుట” అని ఉంది. ఎదుట అన్నా, తోడుగా అన్నా, ఆ మాటలో ఇంకొకరు ఉన్నారు. మనిషి ఒంటరిగా అద్దం ముందు నిలబడి “నేను అల్పుడను, నేను అల్పుడను” అని నూరుసార్లు అనుకున్నప్పటికీ అతడు చూస్తున్నది తన ముఖాన్నే. మీకా అడుగుతున్నది ఆ చూపు అద్దం మీదినుంచి దేవుని మీదికి మళ్లాలని. దీనమనస్సు అంటే దేవుని యెదుట ఉన్నానన్న ఎరుకతో బ్రతకడం. నేను ఈ సాయంకాలం చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

ఆ వచనంలోని వరుసను కూడా గమనించండి. న్యాయం ముందు, కనికరం తరువాత, దీనమనస్సు ఆ పిమ్మట. ఇది ఎందుకు చెబుతున్నానంటే, “తగ్గించుకో” అనే మాటను బలవంతుడు బలహీనునితో అనడం సంఘంలోనూ కుటుంబంలోనూ మనం తరచుగా వింటున్నాం. అన్యాయానికి గురైన వ్యక్తి నోరు తెరవబోతే ఆ వ్యక్తికి దీనత్వం గురించి వాక్యం చూపిస్తాం. మీకా ప్రవక్త అలా చేయలేదు. పొలాలను ఆశించి పట్టుకొనేవారినీ, ఇండ్లను లాక్కొనేవారినీ రెండవ అధ్యాయంలో గద్దించిన ప్రవక్తే ఆరవ అధ్యాయంలో దీనమనస్సును గురించి చెప్పాడు. ఇతరుల చేత అణగద్రొక్కబడడం వేరు, దేవుని యెదుట తగ్గించుకోవడం వేరు. మొదటిదాన్ని రెండవదాని పేరుతో సమర్థించేవాడు మీకాను సగమే చదివినవాడు.

నిండుకుండ తొణకదని మన పెద్దలు చెప్పారు. లోకజ్ఞానంగా అది మంచి మాటే. విద్య నిండినవాడు, ధనం నిండినవాడు ఆర్భాటం చేయడు అని దాని భావం. అయితే ఆ సామెతలోని వినయం తన నిండుతనం మీద నిలిచిన వినయం. లేఖనం చూపించే కుండ వేరుగా ఉంటుంది. రెండవ రాజుల గ్రంథం నాలుగవ అధ్యాయంలో అప్పులవాడు తన ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోతాడన్న భయంతో ఒక విధవరాలు ఎలీషా వద్ద మొరపెట్టుకుంది. ఇంట్లో కొంచెం నూనె తప్ప మరేమీ లేదు. ప్రవక్త ఆమెను ఇరుగుపొరుగు వారి దగ్గర వట్టి పాత్రలు ఎరువు తెచ్చుకొమ్మన్నాడు, తక్కువ తెచ్చుకోవద్దని కూడా చెప్పాడు. ఆమె తలుపు మూసుకుని, కుమారులు పాత్రలు అందిస్తూ ఉంటే పోస్తూ పోయింది. ఇంక పాత్రలు లేవని కుమారుడు చెప్పిన తరువాతనే నూనె నిలిచిపోయింది. ఆ ఇంట కొరత పడినది నూనె కాదు, ఖాళీ పాత్రలు. ప్రార్థనలో మనకు ఎందుకు ఏమీ దొరకలేదని అడిగే ముందు, మనం తెచ్చిన పాత్రలో అప్పటికే ఏమి నిండి ఉందో చూసుకోవాలని నేను ఈ కథ చదివిన ప్రతిసారీ అనుకుంటాను.

ఇప్పుడు ఇద్దరు మనుష్యులను పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. ఒకరు ఉజ్జియా రాజు, రెండవవారు యెషయా ప్రవక్త. ఉజ్జియా 16 ఏళ్ల వయసులో రాజై యెరూషలేములో 52 సంవత్సరాలు ఏలాడు. రెండవ దినవృత్తాంతముల గ్రంథం 26వ అధ్యాయం అతని పనులను మెచ్చుకుంటూ వివరిస్తుంది: గోపురాలు కట్టించాడు, అరణ్యంలో తొట్లు త్రవ్వించాడు, వ్యవసాయమంటే అతనికి ప్రీతి, అతని సైన్యం 3,07,500 మంది. అతడు స్థిరపడేవరకు అతనికి ఆశ్చర్యకరమైన సహాయం కలిగిందనీ, స్థిరపడిన తరువాత మనసున గర్వించి చెడిపోయాడనీ గ్రంథకర్త ఒకదాని వెంట ఒకటిగా రాశాడు. ఆ రెండు మాటలకు మధ్య ఏ మహాపాపం గురించీ చెప్పలేదు. అతడు బలపడ్డాడు, అంతే. సహాయం అందుతున్నంత కాలం సహాయకుడు గుర్తున్నాడు. ఇక సహాయం అక్కరలేదనిపించిన రోజు, యాజకులకు మాత్రమే చెల్లిన ధూపం తానే వేయవచ్చునని కూడా అనిపించింది. ధూపార్తి చేత పట్టుకుని మందిరంలోకి వెళ్లాడు. అజర్యా అనే యాజకుడు, అతనితోపాటు ధైర్యవంతులైన మరో 80 మంది యాజకులు అడ్డుపడ్డారు. రాజు కోపించాడు. ధూపపీఠం పక్కనే, వారి కళ్ల ముందే, అతని నొసట కుష్ఠు పుట్టింది. మరణదినం వరకు అతడు కుష్ఠురోగిగా ప్రత్యేకమైన ఇంట్లో ఉండవలసి వచ్చింది.

ఒక చిన్న విషయం ఇక్కడ నన్ను కలవరపరుస్తుంది. రాజు చేయబోయినది విగ్రహారాధన కాదు, అది యెహోవాకు ధూపం. గర్వం ఎప్పుడూ దేవునికి దూరంగా పారిపోదు. కొన్నిసార్లు మందిరంలోకే, చేతిలో ధూపార్తి పట్టుకుని మరీ వస్తుంది. పరిచర్యలో ఉన్నవారు, ముఖ్యంగా నావంటి బోధకులు, ఈ వాక్యాన్ని తీరికగా చదువుకోవాలి.

యెషయా ఆరవ అధ్యాయం “రాజైన ఉజ్జియా మృతినొందిన సంవత్సరమున” అన్న మాటతో మొదలవుతుంది. దాన్ని మనం తేదీగా మాత్రమే చదివి ముందుకు సాగిపోతాం. ఆ మాటను ఉజ్జియా కథ పక్కన పెట్టి చదవండి. మళ్లీ అదే మందిరం, ధూమంతో నిండిన మందిరం, బలిపీఠం, నిప్పు. ఈసారి అక్కడున్న మనిషి ఏమీ మోసుకుని రాలేదు. అత్యున్నతమైన సింహాసనం మీద ప్రభువును చూసి, “నేను అపవిత్రమైన పెదవులు గలవాడను” అని కేక వేశాడు. మోషే ధర్మశాస్త్రం తెలిసినవారికి ఈ కేక ఎక్కడో విన్నట్టే ఉంటుంది. లేవీయకాండం 13వ అధ్యాయం ప్రకారం కుష్ఠురోగి తన పైపెదవిని కప్పుకుని “అపవిత్రుడను అపవిత్రుడను” అని బిగ్గరగా పలకాలి. తన నొసట కుష్ఠు వచ్చిన రాజు యాజకుల మీద కోపంతో రుద్రుడయ్యాడు. ఒంటిమీద మచ్చ లేని ప్రవక్త మాత్రం కుష్ఠురోగి పలకవలసిన మాటను తానే పలికాడు. అతణ్ణి ఎవరూ నిందించలేదు, ఎవరూ అతని పాపాలు లెక్కపెట్టి చెప్పలేదు. దేవుణ్ణి చూశాడు, ఆ వెలుగులో తన పెదవులు కనిపించాయి. మన అల్పత్వాన్ని మనం త్రవ్వి తీసుకోనక్కరలేదు, సన్నిధిలో నిలిస్తే అదే బయటపడుతుంది.

ఆ తరువాత జరిగినది ఇంకా ముఖ్యం. నిప్పు అతని పెదవులకు తగిలింది, దోషం తొలగిపోయింది, “నేను ఎవని పంపెదను” అన్న స్వరం వినిపించింది. అప్పుడు యెషయా “నేను అయోగ్యుణ్ణి, నన్ను వదిలేయండి” అనలేదు. “చిత్తగించుము నేనున్నాను నన్ను పంపుము” అన్నాడు. ఒక నిమిషం క్రితం నశించితినని ఏడ్చిన మనిషి ఇంత ధైర్యంగా ముందుకు రావడాన్ని మనం గర్వం అనగలమా? నిజమైన దీనత్వం మనిషిని చేతకానివాణ్ణి చేయదు. ఇశ్రాయేలు మొదటి రాజైన సౌలును గుర్తు చేసుకోండి. రాజుగా ప్రకటింపబడే రోజున సామానుల మధ్య దాక్కున్నాడు, చూసినవారు ఎంత వినయమో అనుకుని ఉంటారు. అదే సౌలు, మొదటి సమూయేలు 15వ అధ్యాయంలో, పాపం చేశానని ఒప్పుకున్న నోటితోనే జనుల పెద్దల ముందు తనను ఘనపరచమని సమూయేలును బతిమాలాడు. సామానుల చాటున ఉన్నప్పుడూ, పెద్దల ముందు నిలబడినప్పుడూ అతని కళ్లు జనం మీదనే ఉన్నాయని నాకనిపిస్తుంది. బిడియాన్ని దీనత్వంగా పొరబడడం మనకు బాగా అలవాటు.

లూకా 18లోని ఇద్దరు ప్రార్థనాపరుల ఉపమానం, ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడూ, జనం పాపిగా చూసే సుంకరీ, అంటే పన్నులు వసూలు చేసేవాడూ, మందిరానికి వెళ్లి ప్రార్థించిన కథ, మీకందరికీ తెలిసినదే కనుక దాన్ని మొత్తం తిరిగి చెప్పను. రెండు సంగతులు మాత్రం చెబుతాను. మొదటిది, పరిసయ్యుడు అబద్ధమాడలేదు. ధర్మశాస్త్రం ఏడాదికొకసారి, ప్రాయశ్చిత్తార్థ దినాన, ప్రాణాలను దుఃఖపరచుకొమ్మని చెప్పగా అతడు వారానికి రెండుసార్లు ఉపవాసమున్నాడు. దశమభాగం లెక్కలోనూ అతడు కచ్చితంగానే ఉన్నాడు. పైగా అతని ప్రార్థన కృతజ్ఞతాస్తుతితోనే మొదలైంది. అంత మంచి ఆరంభం ఎక్కడ చెడిందంటే “ఈ సుంకరివలెనైనను” అన్న చోట. దేవునితో మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కకు చూశాడు. రెండవది, సుంకరి ప్రార్థన. “దేవా, పాపినైన నన్ను కరుణించుము” అన్న మాటకు గ్రీకు మూలంలో నిర్దిష్టార్థం ఉంది, “ఆ పాపిని నేనే” అన్నట్టుగా, ఆ మందిరంలో ఇంకొక పాపి లేడన్నట్టుగా. పోల్చుకోవడానికి అతనికి పక్కన ఎవరూ కనిపించలేదు. ‘కరుణించు’ అని అతడు వాడిన క్రియ, ప్రాయశ్చిత్తార్థ దినాన బలిరక్తం ప్రోక్షించే చోటైన, మందసం మీది కరుణాపీఠం పేరుకు మూలమైన ధాతువు నుంచే వచ్చింది. అంటే అతడు అడిగినది జాలి కాదు, ప్రాయశ్చిత్తం. అతడు నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లాడు.

ఇది చదివి మనం ఏం చేస్తాం? “దేవా, ఆ పరిసయ్యునివలె ఉండనందుకు నీకు స్తోత్రం” అంటాం. నవ్వుకోవచ్చు, ఫరవాలేదు, నేనూ అన్నవాణ్ణే.

సా.శ. 410లో దియొస్కొరు అనే యువకుడు హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీనుకు కొన్ని ప్రశ్నలు పంపాడు. అవి రోమా వక్త సిసెరో గ్రంథాలను గురించిన ప్రశ్నలు. ఎవరైనా అడిగినప్పుడు జవాబు తెలియక తాను అజ్ఞానిగా కనబడకూడదన్నది అతని ఆరాటం. వాక్చాతుర్యంలో మొదటి నియమం ఏదని అడిగితే ఒక గొప్ప గ్రీకు వక్త ‘పలికే తీరు’ అన్నాడట. రెండవదేదంటే అదే, మూడవదేదన్నా అదే అన్నాడట. అగస్టీను ఆ ముచ్చటను గుర్తుచేసి, సత్యానికి చేరే దారిలో మొదటిది దీనత్వం, రెండవది దీనత్వం, మూడవది దీనత్వం, ఎన్నిసార్లు అడిగినా నా జవాబు అదేనని రాశాడు. ఆ మాట రాసినవాడు ఒకప్పుడు వాక్చాతుర్యాన్ని బోధించి జీతం తీసుకున్న పండితుడు. మంచి పనులు చేసినప్పుడు కూడా గర్వం వాటిని మన చేతిలోనుంచి లాక్కుంటుందని ఆ ఉత్తరంలోనే హెచ్చరించాడు. తక్కిన దురాశలు మన చెడు పనుల దగ్గర కాచుకుంటే, ఇది మన మంచి పనుల దగ్గర కాచుకుంటుంది.

ఇంతవరకు మనుష్యులను చూశాం. ప్రభువును చూడకుండా ఈ అంశం సాగదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో “తన్ను తానే రిక్తునిగా చేసికొనెను” అని పౌలు అన్నాడు. రిక్తుడు అంటే వట్టివాడు. ఆ విధవరాలి పాత్రల దగ్గరకే మళ్లీ వచ్చాం. యోహాను 13వ అధ్యాయంలో ఆ రిక్తత్వం చేతికి అందేంత దగ్గరగా కనబడుతుంది: పైవస్త్రం తీసి పక్కన పెట్టడం, తువాలు నడుముకు కట్టుకోవడం, పళ్లెంలో నీళ్లు పోయడం, ఒక్కొక్కరి పాదం కడిగి అదే తువాలుతో తుడవడం. యోహాను ఆ పనికి ముందు ఒక మాట రాశాడు. తండ్రి తన చేతికి సమస్తం అప్పగించాడనీ, తాను దేవుని యొద్దనుండి వచ్చి దేవుని యొద్దకే వెళ్లవలసి ఉన్నదనీ యేసు ఎరిగినవాడై భోజనపంక్తిలోనుండి లేచాడు. తానెవరో తెలియక ఆయన వంగలేదు, తెలిసి వంగాడు. తండ్రి యెదుట తన స్థానం గురించి సందేహం లేనివాడికి మనుష్యుల పాదాల దగ్గర కూర్చోవడం వల్ల పోయేదేమీ లేదు. మనం వంగలేకపోవడానికి కారణం చాలాసార్లు గొప్పతనం కాదు, భయం. ఉన్న కాస్త గౌరవమూ జారిపోతుందన్న భయం.

“నీవెన్నడును నా పాదములు కడుగరాదు” అని పేతురు అడ్డుపడ్డాడు. వినడానికి ఎంత వినయంగా ఉంది! కాని అది పొందడానికి ఒప్పుకోని గర్వం. ఇవ్వడంలో దీనులుగా ఉండగలిగిన చాలామందిమి పుచ్చుకోవడంలో ఉండలేం. పేతురు ఆ రాత్రిని మరచిపోలేదనుకుంటాను. చాలా ఏళ్ల తరువాత రాసిన పత్రికలో “దీనమనస్సు అను వస్త్రము ధరించుకొని” అన్నప్పుడు అతడు వాడిన గ్రీకు క్రియకు, బానిసలు పనివేళ బట్టల మీద కట్టుకునే గుడ్డకు సంబంధముంది. ఆ మాట రాస్తున్నప్పుడు అతని కళ్ల ముందు ఆ తువాలు మెదిలి ఉంటుందని అనుకోవడంలో తప్పేముంది?

అయితే దీన్ని మనలో ఎలా పెంచుకోవాలి అని మీరడగవచ్చు. దీనత్వాన్ని నేరుగా గురిపెట్టి సాధించలేమని మాత్రం ముందుగా చెప్పాలి. ఈ రోజు నేను ఎంత తగ్గించుకున్నానో అని లెక్క చూసుకున్న క్షణంలో అది ఆవిరైపోతుంది. కొలస్సయులకు రాసినప్పుడు పౌలు తమ ఇష్టప్రకారం కల్పించుకున్న ఆరాధననూ, పైకి కనబడే వినయాన్నీ, దేహశిక్షనూ ఒకే కోవలో చేర్చి, వాటికి జ్ఞానరూపకమైనవన్న పేరు మాత్రమే ఉందన్నాడు. తల వంచడం, గొంతు తగ్గించడం, “ఈ దాసుడు” అని తనను చెప్పుకోవడం దీనత్వం కాదు. మనకు చేతనయినది ఆయన యెదుట ఉండడం, అక్కడ నిజం చెప్పడం. అందుకు కావలసిన సందర్భాలు దినమూ వస్తూనే ఉంటాయి. మనం వాటిని దాటవేయకుండా ఉండాలి.

ఒకటి చెబుతాను. నలుగురు కూడి వరుసగా ప్రార్థించేటప్పుడు, నా వంతు రాకముందు, తక్కిన సహోదరుల ప్రార్థనలో ఒక్క మాట కూడా నేను వినలేదని ఒకనాడు గ్రహించాను. పెదవులు ఆమేన్ అంటూనే ఉన్నాయి. మనసు మాత్రం నా ప్రార్థన ఎలా మొదలుపెట్టాలి, ఏ వాక్యం ఎత్తాలి అని కూర్చుకుంటోంది. కళ్లు మూసుకుని కూడా నేను జనాన్నే చూస్తున్నాను. అప్పటినుంచి నా వంతు ముందు ప్రార్థించినవారు అడిగిన ఒక అవసరాన్నయినా నా ప్రార్థనలో తిరిగి అడగాలని పెట్టుకున్నాను. అలా అడగాలంటే వినక తప్పదు. ఇది చిన్న ఉపాయమే, ఆత్మీయ రహస్యమేమీ కాదు.

దిద్దుబాటు మరొక సందర్భం. మనం చెప్పిన దానిలో పొరపాటుందని ఒకరు, అందులోనూ మనకంటే చిన్నవారు, చూపించినప్పుడు లోపల మొదట కదిలేది ఏమిటో గమనించండి. వారు చెప్పినది నిజమా అన్న ప్రశ్నకంటే ముందు, చెప్పడానికి వారెవరు అన్న ప్రశ్న లేస్తుంది. ఆ రెండు ప్రశ్నల క్రమాన్ని తారుమారు చేయడానికి నాకు సగం జీవితం పట్టింది, అదీ కొన్నిసార్లు మాత్రమే వీలవుతోంది.

చివరగా ఒక సంగతి మీ ముందు ఒప్పుకుంటాను. ఒక వృద్ధురాలు తన కుమారుని గురించి ప్రార్థించమని నన్ను అడిగారు. తప్పకుండా చేస్తానమ్మా అన్నాను. కొన్ని వారాల తరువాత ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే ఆవిడ నా చేయి పట్టుకుని, “అయ్యగారూ, మావాడి కోసం ప్రార్థన చేస్తున్నారా?” అని అడిగారు. నేను ఆ సంగతే మరచిపోయాను. కాని నా నోటినుంచి క్షణం ఆలస్యం లేకుండా, “చేస్తూనే ఉన్నానమ్మా” అన్న మాట వచ్చింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకు కృతజ్ఞతలు చెప్పి వెళ్లిపోయారు. నేను ఇంటికి వెళ్లి మోకాళ్లూనాను. ప్రార్థన సాగలేదు. దేవుని దగ్గర ఒప్పుకుంటే సరిపోతుంది కదా అని చాలాసేపు వాదించుకున్నాను, దానికి తగిన వాక్యాలు కూడా దొరికాయి. అవి సంబంధం లేని వాక్యాలని నాకు తెలుసు.

మరునాడు ఆవిడ ఇంటికి వెళ్లాను. ఎదురు కూర్చుని, “నిన్న మీతో అబద్ధం చెప్పానమ్మా. నేను మీ అబ్బాయి కోసం ఒక్కరోజు కూడా ప్రార్థించలేదు” అన్నాను. ఆ మాట పూర్తయ్యేవరకు నా కళ్లు నేలమీదనే ఉన్నాయి. ఆవిడ కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత తన కుర్చీ నా దగ్గరకు జరుపుకుని, “అయితే ఇప్పుడు చేద్దాం, అయ్యగారూ. ముందు మీకోసం నేను చేస్తాను” అని కళ్లు మూసుకున్నారు.